పూసల కమ్మలు ఇంట్లో చేసుకోవాలంటే: పనంతా ఆ చిన్న సున్నాలోనే ఉంది

మా పెద్దమ్మ కూతురి పెళ్లికి పెట్టుకుందామని నేను మొదటిసారి చేసుకున్న పూసల కమ్మలు ముహూర్తం దాకా బాగానే ఉన్నాయి. భోజనాల దగ్గర పిన్ని "ఏమే, ఒక కమ్మ బోసిగా ఉందేంటి?" అనేదాకా నాకు తెలియలేదు. హుక్కు చెవికే ఉంది గానీ కింద వేలాడాల్సిన ఆకుపచ్చ పూసా దాని మీది ముత్యమూ రెండూ మాయం. ఇంటికొచ్చాక మిగిలిన కమ్మని లైటు కింద పెట్టి చూస్తే అప్పుడు అర్థమైంది, తీగ చివర నేను చుట్టిన సున్నా పూర్తిగా మూసుకోలేదు, వెంట్రుక పట్టేంత సందు ఉంది. ఆ సందులోంచే జారిపోయింది. పూసలు ఏరడానికి రెండు రోజులు పట్టింది, సున్నా మూయడానికి రెండు క్షణాలు పట్టేది.

అందుకే ఇక్కడ రంగుల గురించి తక్కువ, సున్నా గురించి ఎక్కువ చెబుతాను. మొదట ఒక మామూలు వేలాడే కమ్మ, అది చేతికి వచ్చాక గుత్తపూసల తరహాది ఒకటి. సూదీ దారంతో అల్లేవి వేరే పని, వాటి జోలికి ఇప్పుడు పోవడం లేదు.

కావలసినవి పెద్దగా ఏం లేవు. పూసలు, హెడ్ పిన్‌లు, చెవి హుక్కులు, సన్న గొలుసు ఒక జానెడు. హెడ్ పిన్ అంటే పొడవాటి గుండుసూది లాంటిదే, కాకపోతే మొన ఉండదు, మెత్తగా వంగుతుంది. బట్టలకు పెట్టే గుండుసూదులతో కానిచ్చేద్దాం అనుకోకండి, అవి సరిగ్గా వంగవు, పైగా చెమటకు తుప్పు పడతాయి. పనిముట్లలో రౌండ్ నోస్ ప్లయర్ ఒకటి తప్పనిసరి, అంటే దాని ముక్కు రెండు వైపులా గుండ్రంగా, చివరికి వచ్చేసరికి సన్నగా ఉంటుంది. పట్టుకోవడానికి మామూలు సన్న ముక్కు ప్లయర్ ఒకటి, తీగ కోయడానికి చిన్న కట్టర్ ఒకటి. ఇంట్లో కరెంటు పనికి వాడే కటింగ్ ప్లయర్‌కి లోపల పళ్లుంటాయి, దాంతో తీగ పట్టుకుంటే గాట్లు పడతాయి, అది తప్ప ఇంకేం లేకపోతే ముక్కుకి టేపు చుట్టి వాడండి. హైదరాబాద్‌లో ఉంటే బేగంబజార్ వైపు, విజయవాడలో ఉంటే వన్‌టౌన్ వైపు వెళ్తే ఇవన్నీ దొరుకుతాయి, లేదంటే ఆన్‌లైన్‌లో సెట్టుగా వస్తాయి. సెట్టులో వచ్చే హుక్కుల్ని మాత్రం నమ్మకండి, ఎందుకో కింద చెబుతాను.

పూసలు కొనేటప్పుడు అందరూ రంగు చూస్తారు, రంధ్రం చూడరు. ముత్యాలకు రంధ్రం చాలా సన్నగా ఉంటుంది, అర మిల్లీమీటరు దాటితే గొప్ప. తీగ మందాన్ని గేజిలో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 24 గేజి తీగ దాదాపు అర మిల్లీమీటరు మందం, 22 గేజి అంతకంటే కొంచెం ఎక్కువ, 0.64. గాజు పూసలకు 22 హాయిగా దూరుతుంది, ముత్యాలకు 24 గానీ 26 గానీ కావాలి. దీనికి తేలికైన ఉపాయం, షాపుకి వెళ్లేటప్పుడు మీ దగ్గరున్న పిన్ ఒకటి పర్సులో వేసుకెళ్లండి, కొనేముందు దండలో రెండు మూడు పూసలకు దూర్చి చూడండి. షాపతను విసుక్కుంటే విసుక్కోనీయండి.

ఇంకోటి, గాజు పూసలన్నీ ఒకే సైజులో ఉంటాయనుకోవద్దు. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో గాజుని కరిగించి, సన్నని పొడవాటి గొట్టాల్లా లాగి, ఆ గొట్టాల్ని ముక్కలుగా కోసి పూసలు చేసే పద్ధతి ఉంది. పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో బయటపడ్డ పాత పూసలదీ ఇదే రకం పద్ధతి, అంటే రెండు వేల ఏళ్ల నాటి పని. అలా కోసిన పూసల్లో ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా రావడం సహజం, అందం కూడా అందులోనే ఉంది. కానీ కమ్మలు జత కదా, ఎడమ చెవికీ కుడి చెవికీ తేడా వస్తే అద్దంలో వెంటనే కొడుతుంది. కాబట్టి పని మొదలుపెట్టకముందే పాత తువ్వాలు పరిచి, పూసల్ని దాని మీద పోసి, జంటలు జంటలుగా ఏరి పక్కన పెట్టుకోండి. పళ్లెంలో పోస్తే దొర్లిపోతాయి, తువ్వాలైతే కదలవు.

ఇప్పుడు సున్నా. హెడ్ పిన్‌కి కింద పెద్ద పూస, దాని మీద చిన్న ముత్యం ఎక్కించండి. పైన మిగిలిన తీగని పూసకు ఆనించి, బొటనవేలితో వెనక్కి నొక్కి, నిటారుగా కాకుండా అడ్డంగా, లంబకోణంలో వంచండి. ఈ వంపు పూసకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, సందు ఉంటే పూస గిలకలా ఊగుతుంది. అడ్డంగా ఉన్న తీగని ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్లు ఉంచి మిగిలింది కోసేయండి. కోసేటప్పుడు ఆ చివరని రెండో చేత్తో మూయండి, లేకపోతే ముక్క ఎగిరి కంట్లో పడుతుంది, ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు.

రౌండ్ నోస్ ప్లయర్‌తో ఆ తీగ కొసని పట్టుకోండి, కొస ప్లయర్ అంచుకి బయటికి రాకూడదు, వేలితో తడిమితే తగలకూడదు. ఇప్పుడు మణికట్టుని మీ వైపుకి తిప్పండి. ఒక్కసారే పూర్తి సున్నా రాదు, సగం తిరిగాక చేయి ఇక తిరగదు, అప్పుడు ప్లయర్ వదిలి, మళ్లీ మొదటి స్థానంలో పట్టుకుని, మిగతా సగం తిప్పండి. కొస వచ్చి పూస పైన మనం చేసిన వంపుకి తగలాలి. సున్నా పూసకు నడినెత్తిన కూర్చోవాలి, ఒక పక్కకి ఒరిగితే అది సున్నా కాదు, "9" అంకె తిరగబడినట్టు ఉంటుంది. మొదటి పది అలాగే వస్తాయి, ఏం పర్లేదు, తీగ చవకే.

అన్ని సున్నాలూ ఒకే సైజులో రావాలంటే ప్లయర్ ముక్కు మీద మార్కర్ పెన్నుతో ఒక గీత పెట్టుకోండి. ముక్కు కొస దగ్గర చుడితే చిన్న సున్నా, మొదట్లో చుడితే పెద్దది వస్తుంది, కాబట్టి ప్రతిసారీ ఆ గీత దగ్గరే పట్టుకోవాలి. నాకు ఈ సంగతి తెలియక చాలా రోజులు జతలో ఒకటి పొట్టి ఒకటి పొడుగు చేసుకుంటూ కూర్చున్నాను.

సున్నాని హుక్కుకి తగిలించాలంటే మళ్లీ తెరవాలి కదా, ఇక్కడే చాలామంది పాడు చేస్తారు. సున్నాని వెడల్పుగా సాగదీయకూడదు, అలా చేస్తే మళ్లీ గుండ్రానికి రాదు. కొసని పక్కకి, తలుపు తీసినట్టు, మీ వైపుకి కొద్దిగా తిప్పండి, హుక్కు తగిలించి మళ్లీ అదే దారిలో వెనక్కి మూయండి. మూశాక గోరు పెట్టి సందు మీద గీయండి, గోరు ఎక్కడా తట్టుకోకుండా జారిపోతే మూసుకున్నట్టు. ఇంకా అనుమానం ఉంటే సన్నటి కుట్టుదారాన్ని ఆ సందులో లాగి చూడండి, దారం దూరితే పూస ఏదో ఒక రోజు పోతుంది. బరువైన పూసలకైతే ఈ సున్నా సరిపోదు, తీగని మూడు సెంటీమీటర్లు మిగుల్చుకుని, సున్నా చుట్టాక మిగతాది మెడలా రెండు మూడు చుట్లు బిగించి కోసేయాలి.

ఇది చేతికి వచ్చాక గుత్తపూసలు. మన పాత నగల్లో అంచులకు చిన్న చిన్న ముత్యాలు గుత్తులుగా వేలాడతాయే, అదే లెక్క. ఆరు లింకులున్న గొలుసు ముక్కలు రెండు కోసుకోండి. పై లింకు హుక్కు కోసం ఖాళీగా వదిలేయండి. నాలుగు మిల్లీమీటర్ల ముత్యాలకు ఒక్కోదానికి ఒక పిన్ పెట్టి, ఒక చెవికి పదకొండు, రెండో చెవికి పదకొండు సిద్ధం చేసుకోండి. కింది లింకుకి మూడు, దాని పైనున్న నాలుగు లింకులకూ చెరో పక్క ఒకటి చొప్పున రెండేసి. కింద నుంచి పైకి రండి, పైనుంచి మొదలుపెడితే ముత్యాలు అడ్డం వచ్చి ప్లయర్ లోపలికి పోదు. అడుగున మూడింటిలో నడుమది ఎర్ర పూస గానీ పచ్చ పూస గానీ అయితే కళ వస్తుంది. ఇరవై రెండు సున్నాలు ఒకే రోజు చుట్టాలని పట్టుబట్టకండి, బొటనవేలు బొబ్బలెక్కుతుంది.

హుక్కుల సంగతి. సెట్టుల్లో వచ్చే చవక హుక్కుల్లో నికెల్ ఉంటుంది చాలావరకు, అది కొందరికి పడదు, చెవి తమ్మె ఎర్రబడి, దురద పెట్టి, చివరికి రసి కారుతుంది. పైన నెయిల్ పాలిష్ పూస్తే సరిపోతుందని అంటారు గానీ నాలుగు రోజుల్లో ఊడిపోతుంది, మళ్లీ మొదటికే వస్తుంది. కంసాలి దగ్గర సన్న వెండి హుక్కులు చేయించుకుంటే ఒక జత ఏళ్ల తరబడి ఉంటుంది, కింద వేలాడేవాటిని మార్చుకుంటూ పోవచ్చు. చిన్నప్పుడు చెవులు కుట్టాక మా అమ్మమ్మ వేపపుల్ల పెట్టింది నాకు, అంత జాగ్రత్తగా చూసుకున్న చెవికి ఏదో ఇనప హుక్కు ఎందుకు గుచ్చుకోవాలి?

బరువు కూడా చూసుకోండి. వంటింటి డిజిటల్ తూకం ఉంటే దాని మీద పెట్టండి, ఒక్కో కమ్మ పది గ్రాములకు దగ్గరవుతోందంటే నేనైతే పూసలు తగ్గిస్తాను. బరువు బుట్టలకు మాటీలు ఊరికే పెట్టలేదు మనవాళ్లు, ఆ బరువుని జుట్టు మోస్తుంది. మాటీ పెట్టుకునే ఓపిక లేకపోతే తేలికవే చేసుకోవడం మేలు.

పని చేస్తూ ఉండగా పూస నేల మీద పడటం ఖాయం. వెతుకుతూ పాకాల్సిన పని లేదు, లైటు ఆపేసి, ఫోన్ టార్చ్‌ని నేలకు ఆనించి అడ్డంగా వెలుగు కొట్టండి, ఎంత చిన్న పూసైనా పొడుగాటి నీడ వేస్తుంది. పండక్కి సెంటు, హెయిర్ స్ప్రే అన్నీ కొట్టుకున్నాక చివర్లో కమ్మలు పెట్టుకోండి, ముఖ్యంగా ప్లాస్టిక్ ముత్యాలకు పై పొర పొట్టులా లేచిపోతుంది.

నేను ప్రతి జతకీ రెండు పిన్‌లు ఎక్కువ చేసి, సున్నా చుట్టి, చిన్న కవర్‌లో వేసి కమ్మల డబ్బాలోనే పెడతాను. మొన్న దసరాకి మా ఆడపడుచు పెట్టుకున్న దాంట్లోంచి ఒక ముత్యం పగిలితే, కార్లో కూర్చునే ఇంకోటి తగిలించేశాను.