పనిభారం పెరగగానే ఆరిపోయే కంప్యూటర్: పవర్ సప్లై సమస్య - పరిష్కారం

సమస్య: రాతపనికి, ఇంటర్నెట్‌కు రోజంతా ఇబ్బంది పెట్టని డెస్క్‌టాప్, పెద్ద ఆట గానీ వీడియో రెండరింగ్ గానీ మొదలుపెట్టిన కాసేపటికే ఒక్కసారిగా ఆరిపోతుంది, లేదా దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. కంప్యూటర్‌లో జరిగినవాటిని నమోదుచేసే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే నమోదు కనిపిస్తుంది గానీ, అది కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే తెలుపుతుంది, ఎందుకన్నది చెప్పదు. ప్రాసెసర్ విపరీతంగా వేడెక్కినా ఇదే జరుగుతుంది కనుక ముందు ఉష్ణోగ్రతలు చూడాలి. అవి సక్రమంగా ఉంటే, భాగాలన్నిటికీ విద్యుత్తునిచ్చే పవర్ సప్లైని అనుమానించాలి.

కారణం: పవర్ సప్లై పెట్టె మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన వాట్ల సంఖ్యను నమ్మి కొనడమే చాలాసార్లు అసలు పొరపాటు. నేటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు తమకు కావలసిన విద్యుత్తంతా 12 వోల్టుల లైను నుంచే తీసుకుంటాయి. పక్కన అతికించిన పట్టికలో ఆ లైనుకు 25 ఆంపియర్లే రాసి ఉంటే, పేరుకు 500 వాట్లయినా అక్కడ దొరికేది 300 వాట్లే. పైగా గ్రాఫిక్స్ కార్డు కొన్ని మిల్లీసెకన్ల పాటు తన సగటు కంటే ఎంతో ఎక్కువ లాగుతుంది. సరిగ్గా ఆ క్షణంలోనే పవర్ సప్లైలోని రక్షణ వ్యవస్థ విద్యుత్తును నిలిపివేస్తుంది.

పరిష్కారం: గరిష్ఠ వినియోగాన్ని లెక్కవేయాలి. ప్రాసెసర్‌కు ప్రకటించిన మూల వాట్లు కాక, బూస్ట్‌లో, అంటే పనిభారం పెరిగి వేగం పెంచుకున్నప్పుడు, అది తీసుకునే గరిష్ఠాన్ని పరిగణించాలి. 125 వాట్లుగా పేర్కొన్నా 250 దాటే రకాలున్నాయి. ఉదాహరణకు ప్రాసెసర్‌కు 150, గ్రాఫిక్స్ కార్డుకు 220, మిగిలినవాటికి 60 కలిపితే 430 వాట్లు. దీనికి 12 వోల్టుల లైనులోనే 600 వాట్లకు పైగా ఇవ్వగల 650 వాట్ల యూనిట్ తగినది. ఎక్కువ వాట్ల యూనిట్ కొంటే కరెంటు ఎక్కువ ఖర్చవుతుందన్న భయం అక్కరలేదు, ఎందుకంటే భాగాలు అడిగినంతే అది అందిస్తుంది. 80 ప్లస్ ముద్రను కూడా సరిగా అర్థం చేసుకోవాలి: అది విద్యుత్తు ఎంత తక్కువగా వృథా అవుతుందో చెబుతుంది తప్ప, రక్షణ వ్యవస్థల నాణ్యతకు హామీ కాదు.

గ్రాఫిక్స్ కార్డుకు విద్యుత్తునిచ్చే కనెక్టర్లనూ లెక్కపెట్టుకోవాలి. 6 పిన్నులది 75 వాట్లకు, 8 పిన్నులది 150 వాట్లకు ఉద్దేశించినవి. కార్డుకు రెండు 8 పిన్నుల కనెక్టర్లు అవసరమైతే, రెండు తలలున్న ఒకే కేబుల్ కంటే రెండు వేర్వేరు కేబుళ్లు వాడటం మేలు.

సమస్య: పవర్ సప్లై మార్చాక కంప్యూటర్ అసలు ఆన్ కావడం లేదు, లేదా హార్డ్ డిస్కులు కనిపించడం లేదు.

కారణం, పరిష్కారం: పాత మాడ్యులర్ (యూనిట్ నుంచి విడదీయగల) కేబుళ్లనే కొత్త యూనిట్‌కు తగిలించి ఉంటే వెంటనే ప్లగ్ తీసేయండి. పవర్ సప్లై వైపు పిన్నుల అమరికకు ఉమ్మడి ప్రమాణం లేదు. ఆకారం ఒకేలా ఉన్నా 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్లి డిస్కు, దాంతోపాటు అందులోని సమాచారం పోవచ్చు. కొత్త యూనిట్‌తో వచ్చిన కేబుళ్లనే వాడాలి. కేబుళ్లు సరైనవే అయితే, మదర్‌బోర్డు పైభాగాన ప్రాసెసర్‌కు విద్యుత్తునిచ్చే 4 లేదా 8 పిన్నుల కనెక్టర్‌ను తగిలించారో లేదో చూడండి. ఎక్కువగా మరచిపోయేది దాన్నే. ఏ దశలోనూ పవర్ సప్లై డబ్బాను మాత్రం విప్పకండి, ప్లగ్ తీసిన తరువాత కూడా లోపల విద్యుత్తును నిల్వచేసే కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ కొంతసేపు నిలిచి ఉంటుంది.