చిన్నపిల్లలకు గ్రాఫులు గీయడం, చదవడం నేర్పే తీరు

గ్రాఫును కాగితం మీద కాకుండా నేల మీద మొదలుపెట్టడం మేలు. అయిదారేళ్ల పిల్లల ముందు ఎరుపు, నీలం, పసుపు రంగుల దిమ్మలను కలగలిపి పోసి, ఒక్కో రంగును ఒక్కో వరుసలో పేర్చమనాలి. వరుసలన్నీ ఒకే గీత నుంచి మొదలవ్వాలి, దిమ్మలన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి. లేకపోతే నాలుగు పెద్ద దిమ్మల వరుస ఆరు చిన్న దిమ్మల వరుస కంటే పొడవుగా కనిపించి, పిల్లలు సంఖ్యను వదిలేసి పొడవునే నమ్ముతారు.

తర్వాత ఒక్కో దిమ్మకు బదులుగా గళ్ల కాగితంలో ఒక్కో గడికి రంగు వేయిస్తే అదే కమ్మీ చిత్రం (బార్ గ్రాఫ్) అవుతుంది. శీర్షికను, వరుసల పేర్లను పిల్లల చేతే రాయించాలి.

గీయడం కంటే చదవడమే కష్టం కాబట్టి ఎక్కువ సమయం దానికే కేటాయించాలి. ‘ఏది ఎక్కువ?’ అంటే చూడగానే జవాబు చెప్పే పిల్లలు, ఎరుపు 7, నీలం 4 ఉన్నప్పుడు ‘నీలం కంటే ఎరుపు ఎన్ని ఎక్కువ?’ అని అడిగితే తరచుగా 7 అనే అంటారు. అప్పుడు తప్పని కొట్టిపారేయకుండా, నీలం వరుస ముగిసిన చోట ఒక పుల్లను అడ్డంగా పెట్టి, దాన్ని దాటిన ఎర్ర గడులను మాత్రమే లెక్కపెట్టించాలి. ఒక గడి 2 వస్తువులకు గుర్తు అనే స్కేలును ఈ పోలిక నిలకడగా వచ్చాకే పరిచయం చేయాలి. తొందరపడితే పిల్లలు గడులను లెక్కించి అక్కడే ఆగిపోతారు.