బేబీ తల ఇంకా పైనే ఉందా? డెలివరీ లోపు ఏం చూసుకోవాలంటే

స్కానింగ్ రిపోర్ట్‌లో బ్రీచ్ అని, అంటే తల పైన, పిర్రలో పాదాలో కింద ఉన్నాయని కనపడగానే చాలామందికి కాళ్ళూ చేతులూ ఆడవు, కానీ ముందు ఎన్నో వారమో చూసుకోండి. 28 వారాలప్పుడు ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి అలానే ఉంటుంది, తర్వాత చాలావరకు బేబీ తనంతట తనే తిరిగిపోతుంది, నెలలు నిండేసరికి నూటికి ముగ్గురు నలుగురికే మిగులుతుంది. అందుకే 30 వారాలకే ఆపరేషన్ అని ఫిక్స్ అయిపోకండి. 36 వారాలొచ్చినా తిరగలేదంటే మాత్రం ఇంకా టైముందిలే అని ఊరుకోవద్దు ప్లీజ్.

పక్కటెముకల కింద గుండ్రంగా గట్టిగా ఏదో ఒత్తుతూ, తన్నులేమో పొత్తికడుపులో తగులుతుంటే తల పైనుందని అనుమానించాలి, తేల్చేది స్కానే. పిర్రలు కిందుండి కాళ్ళు పైకి చాచిందా, మఠం వేసుకున్నట్టుందా, పాదమే ముందుందా, మాయ ఎక్కడుంది, ఉమ్మనీరు ఎంతుంది, తల వెనక్కి వాలి ఉందా, ఇవన్నీ అడిగి తెలుసుకోండి, ప్లాన్ అంతా వీటి మీదే ఆధారపడుతుంది.

తర్వాత ఈసీవీ గురించి అడగండి, అంటే పొట్ట మీద నుంచే చేత్తో తిప్పడం. మొదటి కాన్పైతే 36 వారాల నుంచి, ఇంతకుముందు కాన్పులైతే 37 నుంచి చేస్తారు. గర్భసంచి వదులవడానికి మందిచ్చి, డాక్టర్ రెండు చేతుల్తో పిర్రల్ని పైకి లేపుతూ తలని మెల్లగా కిందకి దొర్లిస్తారు, కొన్ని నిమిషాల పనే, నొప్పిగా ఉంటుంది, తట్టుకోలేకపోతే ఆపమనండి ఆపేస్తారు. ముందూ తర్వాతా బేబీ గుండె చప్పుడు చూస్తారు. దాదాపు సగం మందికి సక్సెస్ అవుతుంది. 200 మందిలో ఒకరికి వెంటనే సిజేరియన్ చేయాల్సి రావచ్చు, కాబట్టి ఆపరేషన్ థియేటర్ ఉన్న హాస్పిటల్లోనే చేయించుకోవాలి, ఇంట్లో ఎవరితోనూ పొట్ట తోమించి తిప్పించొద్దు. మీది నెగటివ్ బ్లడ్ గ్రూపైతే యాంటీ-డీ ఇంజెక్షన్ గుర్తుచేయండి. మాయ కిందున్నా, ఈమధ్యే బ్లీడింగ్ అయినా, ఉమ్మనీరు పోయినా ఇది కుదరదు. మోకాళ్ళ మీద వంగే ఎక్సర్‌సైజులతో కచ్చితంగా తిరుగుతుందని ఆధారం లేదు, వాటినే నమ్ముకుని వారాలు పోగొట్టుకోకండి.

తిరగకపోతే మామూలుగా 39 వారాలకి సిజేరియన్ ప్లాన్ చేస్తారు. ఆ రోజు లోపలికి తీసుకెళ్ళే ముందు మళ్ళీ స్కాన్ చేయమనండి, చివర్లో తిరిగే పిల్లలూ ఉన్నారు. నార్మల్ కూడా కొందరికి కుదురుతుంది, కాకపోతే 2000లో వచ్చిన టర్మ్ బ్రీచ్ ట్రయల్ అనే పెద్ద పరిశోధన (బ్రీచ్‌కి సిజేరియన్, నార్మల్ రెండిట్నీ పోల్చి చూసింది) తర్వాత చాలా హాస్పిటళ్ళు సిజేరియన్‌కే మారిపోయాయి, దాంతో చేయి తిరిగిన డాక్టర్లు తగ్గారు. అందుకే మొహమాటపడకుండా అడగండి, అర్ధరాత్రి నొప్పులొస్తే డ్యూటీలో ఉండేవాళ్ళకి బ్రీచ్ డెలివరీ చేసిన అనుభవం ఉందా అని. పాదం ముందున్నా, తల వెనక్కి వాలినా, బేబీ మరీ పెద్దదైనా నార్మల్ కోసం పట్టుబట్టొద్దు.

ఇంకోటి, ఇది ఇంట్లో వాళ్ళందరికీ చెప్పి ఉంచండి. ఉమ్మనీరు పోతే నొప్పులు లేకపోయినా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి, ఎందుకంటే బ్రీచ్‌లో బొడ్డుతాడు ముందు జారే ప్రమాదం ఎక్కువ. తాడు బయటికి కనపడినా, చేతికి తగిలినా లాగొద్దు, లోపలికి నెట్టొద్దు, అంబులెన్స్‌కి ఫోన్ చేసి మోకాళ్ళూ మోచేతుల మీద వంగి పిర్రలు పైకెత్తి ఉండండి, అంబులెన్స్‌లో నడుము కింద దిండ్లు పెట్టుకుని ఎడమవైపు తిరిగి పడుకోండి.

పుట్టాక చెకప్‌లో అంతా బాగుందన్నా 6 వారాలప్పుడు తుంటి అల్ట్రాసౌండ్ గురించి పిల్లల డాక్టర్ని అడగండి, బ్రీచ్‌లో ఉన్న పిల్లలకి తుంటి కీలు సరిగ్గా కుదురుకోని సమస్య ఎక్కువగా కనపడుతుంది, తొందరగా తెలిస్తే చాలావరకు ఆపరేషన్ లేకుండా బెల్టుతోనే సరిచేస్తారు.