పోటు వెనక నుంచి వస్తుంది: ఏటి పాయలు దాటేవారికి జాగ్రత్తలు

మొన్న ఏటిలోని ఇసుక దిబ్బ మీద పోటుకు, అంటే సముద్రం నుంచి ఏట్లోకి ఎక్కే నీళ్లకు, చిక్కుకున్న ఇద్దరిని పడవలో ఒడ్డుకు చేర్చారని విన్నాను. ప్రాణాలు దక్కాయి. కానీ వాళ్లు చేసిన తప్పు నేను చాలాసార్లు చూసిందే. అమావాస్య దగ్గరపడుతోంది, అందుకే రాస్తున్నాను.

ఈత, లైఫ్ జాకెట్ సంగతి అందరికీ తెలుసు. తెలియంది ఇది: అందరూ ఎదురుగా ఉన్న పెద్ద ఏటినే చూస్తారు, వెనక దాటొచ్చిన చిన్న పాయను మర్చిపోతారు. పోటు నీళ్లు ఏరంతా సమంగా పరుచుకోవు, పల్లం వెతుక్కుంటూ వస్తాయి. ముందు పాయలు నిండుతాయి, ఆ తర్వాతే దిబ్బ మునుగుతుంది. మడమ తడవకుండా దాటిన పాయ తిరిగొచ్చేసరికి నడుం లోతు ఉంటుంది. కాళ్ల కింద ఇసుక మాత్రం ఇంకా పొడిగానే ఉంటుంది. మోసపోయేది అక్కడే.

పాయలో తేలే ఎండుటాకును చూడండి. అది కదలకుండా నిలబడి, మెల్లగా ఎగువకు తిరిగిందంటే పోటు మొదలైనట్టే. అప్పటికే మీరు పాయ దాటి ఒడ్డు వైపు వచ్చేసి ఉండాలి.

రోజుకు రెండు పోట్లు వచ్చే చోట ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్న దాటిన టైమ్ ఇవాళ పనికిరాదు. పోటు ఎక్కే ఆరు గంటల్లో మొదటి గంటలో పెరిగేది సుమారు పన్నెండో వంతే, మూడో గంట, నాలుగో గంట కలిపి సగం పెరుగుతుంది. మొదటి గంట చూసి ధైర్యం తెచ్చుకోకండి.

అమావాస్య, పౌర్ణమి వెళ్లాక ఒకటి రెండు రోజులకే పెద్ద పోట్లు. మర్చిపోవద్దు.

ఎగువన వాన పడితే వెళ్లొద్దు. ఉపనది వరదకు పోటు అడ్డుపడితే నీళ్లు పాయల్లోనే లేస్తాయి, మీ నెత్తిన చినుకు పడకపోయినా సరే.

వెళ్లేటప్పుడే పాయలు లెక్కపెట్టండి. మొదట దాటిన పాయే చివరి గండం.

ఒంటరిగా వద్దు. చీకట్లో వద్దు.

అడుసులో దిగబడితే వెనక్కి వాలి, బరువు పరిచి, కాలు మెల్లగా ఊపి తీయండి. పక్కవాళ్లు చేతులు పట్టి లాగొద్దు.

పాయ నిండి కనిపిస్తే దిగొద్దు. ఎత్తైన చోటికి వెళ్లి వెంటనే సాయం కోసం ఫోన్ చేయండి. నీళ్లు తగ్గుతాయేమో చూద్దాం అని ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.