ఒడిసెల పాఠాలు – 3: మట్టి ఉండలు

జొన్నచేలో వాలే పిట్టల్ని బెదరగొట్టడానికి ఉండ పెట్టి తిప్పి విసిరే తాడే ఒడిసెల. పోయిన పాఠంలో కిత్తనారతో దాన్ని అల్లుకున్నాం. ఈసారి అందులో పెట్టి విసిరే ఉండలు చేద్దాం. కరెంటుతో పని లేదు, కొనాల్సిందీ లేదు.

గులకరాళ్లు ఉండగా ఇంత శ్రమ ఎందుకని అడుగుతారు. రాయికీ రాయికీ బరువు తేడా. ఒకటి చేను దాటిపోతే ఇంకోటి మంచె ముందరే పడుతుంది, చేతికి అలవాటు కుదరదు. పైగా రాయి చేలోనే ఉండిపోయి, కోతలప్పుడు కొడవలికి తగులుతుంది. మట్టి ఉండయితే వానకు కరిగి నేలలో కలిసిపోతుంది.

అసలు సంగతంతా మట్టిలోనే ఉంది. మా అనంతపురం జిల్లాలో ఉరవకొండ వైపు నల్లరేగడికి జిగురెక్కువ, కానీ ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. ఎండాకాలం ఆ చేలు నెర్రెలిచ్చేది అందుకే. ఉత్త ఎర్రమట్టికేమో జిగురు చాలదు. నేను రెండు పాళ్లు రేగడికి ఒక పాలు ఎర్రమట్టి కలుపుతాను. రెండూ జల్లెడ పట్టాల్సిందే, చిన్న రాయి ఉన్నా ఉండ అక్కడే విచ్చుకుంటుంది. చపాతీ పిండికన్నా కాస్త గట్టిగా పిసికి, తడి గోనె కప్పి రాత్రంతా వదిలేయండి.

పొద్దున కొంచెం మట్టి తీసుకుని ముందు గట్టిగా నొక్కండి, లోపలి గాలి పోవాలి. తర్వాత అరచేతుల మధ్య మెల్లగా తిప్పుతూ చిన్న నిమ్మకాయంత చేయండి. పైన సన్నటి గీత కనబడితే తడివేలితో రుద్ది ఊరుకోవద్దు. గీత మాయమైనట్టే ఉంటుంది గానీ లోపల అలాగే ఉంటుంది. మళ్లీ ముద్ద చేసి తిప్పండి. మొదటి ఉండను తక్కెడలో ఒక పక్క పెట్టుకుని, మిగతావి దానికి సరితూగేలా చూసుకోండి.

మొదటిసారి నేను తొందరపడి వంద ఉండలు మిద్దెపైన మిట్టమధ్యాహ్నం ఎండలో పరిచాను. సాయంత్రానికి సగం పగిలిపోయాయి. రెండు రోజులు నీడన, ఆ తర్వాతే ఎండలో ఆరబెట్టండి. రెండు ఉండలు తీసుకుని తట్టి చూడండి. మొద్దు చప్పుడు వస్తే లోపల ఇంకా తడి ఉన్నట్టు, టక్కుమంటే ఆరినట్టు.

ఇవి పిట్టల్ని కొట్టడానికి కాదు, బెదరగొట్టడానికి. చిలకలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. గుంపుకు దూరంగా పడినా చాలు, లేచిపోతాయి.

జొన్న కంకి పాలు పోసుకోకముందే ఇవి సిద్ధంగా ఉండాలి, ఆ తర్వాత తీరిక దొరకదు. వచ్చే పాఠానికి ఇరవై ఉండలు ఆరబెట్టి ఉంచుకోండి. విసరడం మనుషులూ, గొడ్లూ లేని బీడులో మొదలుపెడదాం.