ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టిన డబ్బా మాయమవుతుంటే ఏం చేయాలి?

పొద్దున్నే లేచి కట్టుకొచ్చిన డబ్బా మధ్యాహ్నం ఒంటిగంటకు ఫ్రిజ్‌లో కనిపించకపోతే కలిగే బాధ చిన్నదేం కాదు. డబ్బు లెక్కన చూస్తే పోయింది తక్కువే కావచ్చు. కానీ అందులో అమ్మదో, భార్యదో, భర్తదో, లేదా మనదే ఓ గంట కష్టం ఉంటుంది. మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు చాలా ఆఫీసుల్లో ఒకే ఫ్రిజ్‌ను పగటి షిఫ్టు వాళ్లు, రాత్రి షిఫ్టు వాళ్లు కూడా వాడతారు. అక్కడ ఎవరి తిండి ఎవరిదో తెలియక పోయేవి కొన్ని, తెలిసే తీసేవి కొన్ని. అన్నం దగ్గర గొడవెందుకని ఊరుకుంటే అది అలవాటుగా మారుతుంది. కోపంలో ఎవరో ఒకరి పేరు చెప్పేస్తే అమాయకుల ఉద్యోగం పోవచ్చు. ఈ రెండూ జరగకుండా చూసుకోవడమే అసలు పని.

1. నిజంగా ఎవరో తిన్నారా అన్నది ముందు తేల్చుకోండి

ఒకసారి పోయినంత మాత్రాన దొంగతనం అనుకోవద్దు. ఫ్రిజ్ మొత్తం, కింద కూరగాయల అర, వెనక మూలలు చూడండి. స్టీలు డబ్బాలన్నీ ఒకేలా ఉంటాయి. స్విగ్గీ, జొమాటోలో వచ్చే నల్ల ప్లాస్టిక్ డబ్బాల సంగతైతే చెప్పనక్కర్లేదు. మీ డబ్బా పోయిన చోట అలాంటిదే మరొకటి మిగిలి ఉంటే ఎవరో పొరపాటున మార్చి పట్టుకెళ్లారని అర్థం. వారాంతంలో ఫ్రిజ్ కడిగే ఆఫీసుల్లో పేరు, తేదీ లేనివన్నీ పారేస్తారు. శుక్రవారం పెట్టింది సోమవారం కనబడకపోతే ముందు శుభ్రం చేసే రోజు ఏదో కనుక్కోండి.

2. హౌస్‌కీపింగ్ వాళ్ల మీదికి వెళ్లకండి

ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. ఏది పోయినా మొదట పాంట్రీ అన్న మీద, తుడిచే అక్క మీద అనుమానం పడుతుంది. వాళ్లు ఎక్కువగా కాంట్రాక్టు ఏజెన్సీ మనుషులు. మనం నోరు జారి ఒక్క మాట అంటే చాలు, విచారణ కూడా లేకుండా మర్నాటి నుంచి రావద్దని చెప్పేయగలరు. అదే అనుమానం మన పక్క సీటు అతని మీద పడితే ఆధారాలు అడుగుతాం. ఈ తేడా న్యాయం కాదు. ఫ్రిజ్ దగ్గరికి వెళ్లడం వాళ్ల పని కాబట్టి అక్కడ కనిపిస్తారు, అంతే. నిజానికి ఏ వేళకు ఫ్రిజ్ దగ్గర ఎవరు తిరుగుతారో వాళ్లకే బాగా తెలుసు. మర్యాదగా అడిగితే సాయం చేస్తారు: "అన్నా, నీలం మూత స్టీలు డబ్బా ఏమైనా కనిపించిందా? ఎక్కడైనా తీసి పెట్టారా?" ఇంతవరకే. "నువ్వు తీశావా" అనే అర్థం గొంతులో కూడా రాకూడదు.

3. పేరు రాయండి, ఊడిపోకుండా

కాగితం మీద రాసి అతికిస్తే ఫ్రిజ్ చెమ్మకు ఒక్క పూటలో ఊడిపోతుంది. మాస్కింగ్ టేపు మీద పర్మనెంట్ మార్కర్‌తో రాస్తే నిలుస్తుంది. పేరు, తేదీ, మీ టీమ్ లేదా ఫ్లోర్, ఈ మూడూ ఉండాలి. మూత మీద మాత్రమే రాస్తే కడిగేటప్పుడు మూతలు మారిపోతాయి, అందుకే డబ్బా ఒంటి మీద కూడా రాయండి. స్టీలు డబ్బా అయితే మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే మేలు: పేరు చెక్కించుకోవడం. బేగంబజార్ లాంటి చోట గిన్నెలు కొనేటప్పుడే అడిగితే చెక్కి ఇచ్చే కొట్లు ఉంటాయి. చెక్కిన పేరు చూశాక "నాదే అనుకున్నా" అనడం కష్టం.

లోపలేముందో కనబడని లంచ్ బ్యాగులో పెట్టి జిప్ వేయడం కూడా పనిచేస్తుంది. గాజు డబ్బాలో గుత్తి వంకాయ కనబడుతుంటే ఆకలితో ఉన్నవాడి చెయ్యి దాని మీదికే పోతుంది.

4. ఎప్పుడు పోతోందో రాసుకోండి

రెండోసారి, మూడోసారి పోతే ఫోన్ నోట్స్‌లో తేదీ, పెట్టిన టైమ్, చూసుకున్న టైమ్, పోయింది ఏమిటో రాసి పెట్టండి. డబ్బా మొత్తం పోతోందా, లోపల సగం తగ్గుతోందా అన్నది కూడా ముఖ్యం. డబ్బా మొత్తం పోతే పొరపాటు కావచ్చు. సగం తిని మళ్లీ మూత పెట్టి ఉంచితే అది తెలిసి చేసిన పనే. అలా ఎవరో చెయ్యి పెట్టిన తిండిని మాత్రం తినకండి.

అమెరికా వేళల్లో పనిచేసే టీమ్‌లున్న చోట ఇంకో సంగతి గమనించాలి. అర్ధరాత్రి దాటాక కెఫెటేరియా మూసేస్తారు, కింద బండ్లు కూడా సర్దేసి ఉంటాయి. ఆ వేళకు ఆకలేసిన కుర్రాళ్లకు ఎదురుగా కనిపించేది ఫ్రిజ్ ఒక్కటే. తప్పు తప్పే. కానీ మీ రాతల్లో పోయిన డబ్బాలన్నీ రాత్రి పెట్టినవే అయితే, మనిషిని పట్టుకోవడం కంటే రాత్రి షిఫ్టుకు తినడానికి ఏదో ఒకటి ఏర్పాటు చేయించడం వల్లే ఇది ఆగుతుంది. ఆ మాటే అడ్మిన్‌కు చెప్పండి.

5. తెలిసిన మనిషైతే పక్కకు పిలిచి మాట్లాడండి

మన దగ్గర భోజనాల టైమ్‌లో డబ్బాలన్నీ మధ్యలో పెట్టుకుని తినడం మామూలే. "నీ గోంగూర పచ్చడి కొంచెం ఇటు వెయ్యి" అని అడిగి తీసుకోవడంలో ఉన్న ఆప్యాయత మనందరికీ ఇష్టం. ఇక్కడే కొందరు హద్దు మర్చిపోతారు. ముందు అడిగి తింటారు, కొన్నాళ్లకు అడగకుండా తింటారు, తర్వాత మనం రాకముందే తినేస్తారు. వాళ్ల దృష్టిలో అది స్నేహం. అది మనకు ఇబ్బంది అని ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆగరు.

అందరి ముందూ అనకండి, టీమ్ గ్రూప్‌లో అస్సలు పెట్టకండి. టీ తాగే వేళ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. మీకంటే చిన్నవాడైతే ఇలా అనొచ్చు:

"తమ్ముడూ, నిన్న నా డబ్బా నువ్వు తీసుకున్నావని తెలిసింది. నాకు షుగర్ ఉంది, టైమ్‌కు తినకపోతే కళ్లు తిరుగుతాయి. నీకు కావాలంటే ముందు రోజు చెప్పు, రెండు రొట్టెలు ఎక్కువ తెస్తా. చెప్పకుండా మాత్రం తీయకు."

పెద్దవాళ్లయితే ఇంకొంచెం మెత్తగా: "మేడమ్, ఏమనుకోకండి. ఫ్రిజ్‌లో నా డబ్బా మీకు పొరపాటున వచ్చినట్టుంది. రేపటి నుంచి పేరు రాసి పెడుతున్నా, ఒకసారి చూసుకోండి."

చూసి ఉంటేనే, లేదా చూసినవాళ్లు మీకు నేరుగా చెబితేనే ఇలా మాట్లాడాలి. ఊహ మీద కాదు. ఎదుటివాళ్లు ఒప్పుకుని సారీ అంటే విషయాన్ని అక్కడితో వదిలేయండి, పది మందికీ చెప్పుకుంటూ తిరగవద్దు. నెలాఖరులో చేతిలో డబ్బుల్లేక, కొత్తగా చేరి ఇంకా జీతం అందక తీసినవాళ్లు కూడా ఉంటారు. ఆ సంగతి తెలిస్తే పరువు పోకుండా ఒక పూట మీతోపాటు కూర్చోబెట్టుకుని తినిపించండి.

6. మనిషెవరో తెలియకపోతే అడ్మిన్‌కు రాయండి

ఫ్రిజ్ తలుపు మీద చీటీ అతికించవచ్చు, అయితే అందులో తిట్లు వద్దు. "ఈ డబ్బాల్లో ఉన్నది ఒకరి మధ్యాహ్న భోజనం. దయచేసి పేరు చూసి తీసుకోండి" అంటే చాలు. దానితో ఆగకపోతే అడ్మిన్ లేదా ఫెసిలిటీస్ టీమ్‌కు చిన్న మెయిల్ పెట్టండి. మీరు రాసుకున్న తేదీలు అందులో ఇవ్వండి, ఎవరి పేరూ రాయకండి. ఫిర్యాదు ఒక్కటే కాకుండా ఏం కావాలో కూడా అడగండి: టీమ్‌ల వారీగా అరలు, ఫ్రిజ్ శుభ్రం చేసే రోజు ముందే తెలిసేలా నోటీసు, ఎవరైనా తీసుకోగలిగే వాటికి "అందరివీ" అని రాసిన ఒక అర. ఈ చివరిది బాగా పనిచేస్తుంది. పుట్టినరోజు కేకు, మిగిలిన సమోసాలు, పండక్కి ఊరి నుంచి తెచ్చిన సకినాలు, అరిసెలు అందులోకి వెళ్తాయి. అప్పుడు మిగతా అరల్లోవి సొంతవని చెప్పకుండానే తెలుస్తుంది. సీసీ కెమెరా చూడాలన్నా వాళ్లే చూడాలి. మీరు ఫోన్ దాచిపెట్టి వీడియో తీయవద్దు.

రంజాన్ నెలలో ఇది మరీ సున్నితమైన విషయం. రోజంతా ఉపవాసం ఉన్న మనిషి ఇఫ్తార్ కోసం దాచుకున్న తిండి సాయంత్రానికి లేకపోతే ఎంత కష్టమో ఊహించండి. అయ్యప్ప మాలలో ఉన్నవాళ్లు, కార్తీక సోమవారం ఒక్కపూట తినేవాళ్లు కూడా అంతే, దొరికిందేదో తినేసి సరిపెట్టుకోలేరు. ఆ రోజుల్లోనైనా వాళ్లకు విడిగా చోటు ఇవ్వమని మీరే అడ్మిన్‌ను అడగండి, మీ డబ్బా పోకపోయినా సరే.

మందుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. పసిబిడ్డ కోసం తీసి ఉంచిన తల్లిపాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు ఉంచవచ్చు. ఇలాంటివి అందరూ తెరిచే ఫ్రిజ్‌లో పెట్టకండి. మెడికల్ రూమ్‌లోనో, తల్లుల గదిలోనో చిన్న ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టండి, లేకపోతే హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి.

7. పగ తీర్చుకోవద్దు

"బుద్ధి వచ్చేలా కారం దట్టించు, విరేచనాల మాత్ర కలుపు" అనే సలహాలు వినిపిస్తాయి. వద్దు. ఆ డబ్బా తీసేది ఎవరో మీకు తెలియదు. గర్భిణి కావచ్చు, అల్సర్ ఉన్న మనిషి కావచ్చు, పొరపాటున మార్చి పట్టుకెళ్లిన మీ స్నేహితుడే కావచ్చు. హాని చేయాలని తెలిసి ఎవరిచేతనైనా అలాంటిది తినిపిస్తే భారతీయ న్యాయ సంహిత 123వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు శిక్ష పడే అవకాశం ఉంది.

8. అంతా తేలేదాకా ఫ్రిజ్ లేకుండా గడపండి

మామూలుగా వండిన తిండిని బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. కాబట్టి ఊరికే డెస్క్ మీద పెట్టేయడం కుదరదు. వేడిని పట్టి ఉంచే స్టీలు ఫ్లాస్క్ డబ్బా కొనుక్కోండి. ముందు దాన్ని మరిగే నీళ్లతో కాసేపు నింపి, ఒంపేసి, పొగలు కక్కే అన్నం, పప్పు పెడితే మధ్యాహ్నానికి వేడిగానే ఉంటుంది. చల్లగా ఉండాల్సినవైతే ఐస్ ప్యాక్ వేసిన లంచ్ బ్యాగులో పెట్టి మీ లాకర్‌లో ఉంచండి. పులిహోర, జొన్న రొట్టె, కారప్పొడి లాంటివి మధ్యాహ్నానికి ఇబ్బంది పెట్టవు.

పెరుగన్నం లేకపోతే ముద్ద దిగనివాళ్లకు పాత పద్ధతి ఉంది. పొద్దున అప్పుడే వండిన అన్నాన్ని మెత్తగా మెదిపి, కాచిన పాలు గోరువెచ్చగా పోసి, చెంచాడు పెరుగు తోడు వేసి మూత పెట్టండి. ఎండాకాలంలో భోజనం వేళకు పులవకుండా కమ్మగా తోడుకుంటుంది. చలికాలంలో తోడు కొంచెం ఎక్కువ వేయాలి, డబ్బాను ఏసీ గాలి తగలకుండా బ్యాగులోనే ఉంచాలి. ఉప్పు తినేటప్పుడు కలుపుకుంటే సరి.