లాగిన్ అవుతున్నా ఇన్‌బాక్స్ ఖాళీగా ఉంటే: ఐమ్యాప్, పాప్3 సర్వీసును సరిచేయడం ఎలా?

బయటి నుంచి వచ్చిన మెయిల్‌ను అందుకొని డిస్క్ మీద ఉంచే పని పోస్ట్‌ఫిక్స్ వంటి ప్రోగ్రాముది. అలా ఉంచిన మెయిల్‌ను తీసి వినియోగదారుకు అందించే పని డవ్‌కాట్ వంటి ఐమ్యాప్, పాప్3 సర్వీసుది (సర్వర్‌లోని మెయిల్‌ను యాప్‌కు చేర్చే రెండు పద్ధతులవి). ఈ తేడా గమనించక, ఒకదానిలోని లోపానికి రెండవదాన్ని తొలగించి మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవారిని ఎందరినో చూశాను. అలా చేస్తే పాత కాన్ఫిగరేషన్‌తో పాటు లోపం జాడ కూడా చెరిగిపోతుంది.

రూట్ అధికారం (సర్వర్ మీద పూర్తి హక్కు), టెర్మినల్, ఒక టెస్ట్ అకౌంట్ ఉంటే చాలు. ముందుగా సర్వీసు నడుస్తోందో లేదో, పోర్టులు (సర్వీసు కనెక్షన్లను అందుకునే సంఖ్యలు) తెరిచి ఉన్నాయో లేదో చూడండి. ఐమ్యాప్‌కు 143, 993. పాప్3కి 110, 995. వీటిలో మొదటి నుంచే ఎన్‌క్రిప్షన్‌తో నడిచే 993, 995 మాత్రమే బయటికి తెరవాలి. కనెక్షన్ మొదలైన క్షణం నుంచే ఎన్‌క్రిప్షన్ ఉండాలని 2018లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 8314 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం కూడా సిఫారసు చేసింది. పాస్‌వర్డ్ సరైనదో కాదో డవ్‌కాట్‌తో పాటు వచ్చే ‘డవ్‌అడ్మ్ ఆత్ టెస్ట్’ కమాండ్ తేల్చేస్తుంది. లాగ్ ఫైలు ఎక్కడుందో ‘డవ్‌అడ్మ్ లాగ్ ఫైండ్’ చూపిస్తుంది.

ఆ తరువాతి పరీక్షను మెయిల్ యాప్‌తో చేయకూడదు. యాప్ తన దగ్గర దాచుకున్న పాత జాబితాను చూపించి మనల్ని పక్కదారి పట్టిస్తుంది. ఎన్‌క్రిప్షన్ ఉన్న కనెక్షన్‌ను టెర్మినల్ నుంచే తెరిచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో 993కి కనెక్ట్ అయి, లాగిన్ చేసి, ‘సెలెక్ట్ ఇన్‌బాక్స్’ అని స్వయంగా టైప్ చేయండి. ప్రతి కమాండ్ ముందూ ‘ఎ1’ వంటి ఒక గుర్తు పెట్టాలి. మెయిల్ వచ్చిందని తెలిసినా సర్వర్ ‘0 ఎగ్జిస్ట్స్’ (అంటే ఒక్క మెయిల్ కూడా లేదు) అని జవాబిస్తే, అసలు చిక్కు దొరికినట్టే.

ఇక్కడ తొందరపడవద్దు. పోస్ట్‌ఫిక్స్ తనంతట తానుగా ఎంబాక్స్ పద్ధతిని పాటిస్తుంది, అంటే ఒక వినియోగదారు మెయిల్ అంతటినీ ఒకే ఫైలులో పేరుస్తుంది. డవ్‌కాట్‌ను హోమ్ డైరెక్టరీలోని మెయిల్‌డిర్‌ను (మెయిళ్లను విడి ఫైళ్లుగా ఉంచే ఫోల్డర్‌ను) చదవమని మీరు చెప్పి ఉంటే, అది అక్కడ ఖాళీ మెయిల్‌డిర్‌ను సృష్టించుకొని, లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా రాయకుండా, దాన్నే చూపిస్తుంది. రెండు ప్రోగ్రాములూ తమ పని సక్రమంగానే చేస్తుంటాయి కనుక, ఏదో ఒకదానిలో తప్పు వెతుకుతూ కూర్చుంటే రోజులు గడిచిపోతాయి. పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో డెలివరీ వాక్యం చివర ‘డెలివర్డ్ టు మెయిల్‌బాక్స్’ (అంటే ఎంబాక్స్) అని ఉందా, ‘డెలివర్డ్ టు మెయిల్‌డిర్’ అని ఉందా అన్నది చూడండి. డవ్‌కాట్ వైపు మెయిల్ ఎక్కడుందో చెప్పే ‘మెయిల్ లొకేషన్’ సెట్టింగ్ విలువను దానితో పోల్చండి. 2.4 వెర్షన్ నుంచి ఆ సెట్టింగ్ స్థానంలో ‘మెయిల్ డ్రైవర్’, ‘మెయిల్ పాత్’ అనే రెండు విడి సెట్టింగులు వచ్చాయి కాబట్టి, పాత వ్యాసాలలోని పంక్తిని గుడ్డిగా అతికించకండి.

రెండింటినీ మెయిల్‌డిర్‌కే మార్చాలి. అందులో ప్రతి మెయిల్‌కూ ఒక ఫైలు ఉంటుంది. ఎంబాక్స్‌లో ఫైలు మొత్తానికి తాళం వేసి రాయవలసి వస్తుంది, అది చెడితే పక్క మెయిళ్లూ చెడతాయి. పోస్ట్‌ఫిక్స్‌లో ‘హోమ్ మెయిల్‌బాక్స్’ విలువగా మెయిల్‌డిర్ అని రాసి, చివర ఏటవాలు గీత (/) తప్పక పెట్టండి. ఆ ఒక్క గీత మరచిపోతే పోస్ట్‌ఫిక్స్ దాన్ని ఫైలు పేరుగా భావించి మళ్లీ ఎంబాక్స్‌నే రాయబోతుంది. గీత పెట్టినా మార్పు కనిపించకపోతే ‘మెయిల్‌బాక్స్ కమాండ్’ సెట్టింగ్‌ను చూడండి. అందులో ఏదైనా విలువ ఉంటే అదే చెల్లుతుంది, మీరు రాసింది పక్కకు పోతుంది.

పాత మెయిల్‌ను తరలించే ముందు బ్యాకప్ తీసుకొని, పోస్ట్‌ఫిక్స్‌ను ఆపండి. పంపే సర్వర్లు కొంతసేపటికి మళ్లీ ప్రయత్నిస్తాయి కనుక, కొద్దిసేపు ఆపినంత మాత్రాన మెయిల్ పోదు. ఎంబాక్స్ ఫైలును మెయిల్‌డిర్‌లోకి కాపీ చేస్తే ప్రయోజనం లేదు, ‘డవ్‌అడ్మ్ ఇంపోర్ట్’ వంటి సాధనంతోనే మార్చాలి. ఆ ఫైలును ఇంతకుముందు పాప్3 ద్వారా చదువుతూ, మెయిల్ కాపీని సర్వర్‌లోనే ఉంచుకున్నవారు ఎవరైనా ఉంటే ముందే హెచ్చరించండి. గుర్తింపు సంఖ్యలు మారితే వారి యాప్ పాత మెయిల్ అంతటినీ మళ్లీ దించుకుంటుంది.

తరువాత రెండు సర్వీసులనూ రీస్టార్ట్ చేసి, ఒక టెస్ట్ మెయిల్ పంపండి. మెయిల్‌డిర్‌లోని ‘న్యూ’ ఫోల్డర్‌లో ఒక ఫైలు పడాలి. మళ్లీ ‘సెలెక్ట్ ఇన్‌బాక్స్’ అన్నప్పుడు ‘ఎగ్జిస్ట్స్’ ముందున్న సంఖ్య ఒకటి పెరగాలి, ఆ ఫైలు సర్వర్ చూసేసిన మెయిల్ ఉండే ‘కర్’ ఫోల్డర్‌లోకి మారాలి.